అమెరికా దాకా వెళ్లిన కోడి పాట

మా ఉదయగిరి సంఘంలో కోతపండుగ నాడు ఆరాధన అయిపోగానే కానుకల వేలం ఉంటుంది. చేతిలో డబ్బు ఆడనివాళ్లు పంటలో భాగం తెస్తారు. సజ్జలు, కందులు, గుమ్మడికాయలు, చెక్కపని చేసే ఇళ్లవాళ్లయితే గరిటెల కట్ట. ఆడవాళ్లు ఎక్కువగా కోళ్లు తెస్తారు. అన్నీ ప్రసంగవేదిక ముందు పోగేసి ఒక్కొక్కటే పాట పెడతారు. ఆ పాట పెట్టేది నేను. నా గొంతు బాగుంటుందని కాదు, నా లెక్క తప్పదని. నేను బడిలో నేర్చింది కొంచెమే. ఆత్మకూరు బియ్యం మిల్లులో బస్తాలు లెక్కపెట్టే పనికి చేరి, గుమాస్తా భుజం మీదుగా చూస్తూ కూడికలు, వడ్డీలు, తరుగులు నేర్చుకుని, ఆయన మానేశాక ఆయన కుర్చీలో కూర్చున్నాను. వారమంతా ఆత్మకూరులో ఉండి, శనివారం సాయంత్రం బస్సుకు ఉదయగిరి వచ్చి, ఆదివారం సంఘానికి ట్రెజరరు పని చేసేవాణ్ణి.

ఈ వేలానికి ఎక్కడా రాయని మర్యాద ఒకటి ఉంది. కానుక ఇచ్చినవాళ్లు దాన్ని మళ్లీ తామే పాడుకోవచ్చు. వాళ్లు నోరు తెరిచి ఒక ధర అన్నాక ఇంకెవరూ పైకి పాడరు. ఈ మర్యాద ఉండబట్టే జనం ధైర్యంగా మంచి వస్తువులు తెచ్చేవారు. ఒకాయన ఏటా తన నులకమంచమే కానుకగా తెచ్చి, ఇరవై రూపాయలకు పాడుకుని, నెత్తిన పెట్టుకుని ఇంటికి పోయేవాడు. ఒక ఏడాది దారిలో వాన పడితే మంచం మీద దుప్పటి కప్పి కింద నడిచాడు. దూరం నుంచి చూసినవాళ్లకు మంచమే నడుస్తున్నట్టు ఉంది. ఇంకొకాయన అత్తగారు పెట్టిన ఊరగాయ జాడీ తెచ్చి, ఎవరైనా పాడుకుంటారేమోనని ఆశగా చుట్టూ చూసేవాడు. ఎవరూ నోరు తెరిచేవారు కాదు. చివరికి తనే పాడుకుని మోసుకుపోయేవాడు.

తొంభైల ఆఖర్లో ఒక ఏడాది అమెరికా నుంచి మిషను యాత్రకని కొంతమంది మా సంఘానికి వచ్చారు. గుడికి సున్నం వేశారు, పిల్లలకు చేతులాడించే పాటలు నేర్పారు, మా కారం తిని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. వాళ్లకు పెద్ద ఒక రిటైరైన టీచరమ్మ. మేమంతా దొరసాని అనేవాళ్లం. చాలా ఎత్తు మనిషి, గుడి గుమ్మంలో రోజూ తల కొట్టుకునేది. ఆమెకు వచ్చిన తెలుగు మాట 'వందనాలు' ఒక్కటే. మనిషికి ఎంత భక్తిగా చెప్పేదో, దారిలో అడ్డం వచ్చిన మేకకూ అంత భక్తిగా చెప్పేది. వాళ్లు తిరిగి వెళ్లే రోజు, మా కోతపండుగ ఒకే ఆదివారం పడ్డాయి.

ఆ రోజు మా వీధి చివరి ఇంటి అవ్వ తన కోడిపెట్టను తెచ్చింది. నలుపు మీద తెల్ల చుక్కల పెట్ట. అవ్వ ఒంటరి మనిషి. ఆ పెట్ట గుడ్లమీదే ఆమెకు టీ పొడి, చక్కెర, వక్కాకు గడిచేవి. రాత్రుళ్లు ఆ కోడి ఆమె మంచం కోడు పక్కనే పడుకునేది. ఆమె పగలంతా ఊరి మీద చెప్పుకోవలసిన ఫిర్యాదులన్నీ దానికే చెప్పుకునేది. ఏటా దాన్ని దేవుడికి ఇచ్చేది, ఏటా నలభైకి పాడుకుని చంకన పెట్టుకుని పోయేది.

నేను ఇరవైతో మొదలుపెట్టాను. అవ్వ నలభై అంది. నేను నలభై, ఒకటోసారి అన్నాను. వెనక బెంచీలోంచి దొరసాని చెయ్యెత్తి ఇంగ్లీషులో వంద అంది.

గుడి మొత్తం వెనక్కి తిరిగింది. అవ్వ మాత్రం నా వైపే చూసింది, నేను ఏదో దొంగలెక్క చెప్పినట్టు. తర్వాత చెంగు ముడి విప్పి, ఉన్నదంతా చూసుకుని, నూటపది అంది. దొరసాని సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టి ఐదు వందలు అంది. అవ్వ దేవుడి కోసం పోటీ పడుతోందని, తను దానికి తోడు వెళ్తున్నానని ఆమె అనుకుంది.

"ఏందబ్బయ్యా ఇది?" అంది అవ్వ నాతో. "ఆయమ్మ నా కోడిని తీసకపోయి ఏం చేసుద్ది? ఇమానంలో పక్క సీట్లో కూర్చోబెట్టుకుంటుందా?"

నేను పాస్టరుగారి వైపు చూశాను. ఆయన మొహం వెలిగిపోతోంది. ఆ ఏడాది వేలం డబ్బుతో కొత్త మైకు సెట్టు కొనాలని ఆయన కోరిక. ఉన్న పాత మైకు ఆయన ప్రసంగంలో సగం మింగేసి, మిగిలిన సగం మీద ఈల వేసేది. ఒక కోడికి ఐదు వందలంటే ఆయనకు ఆ కోడిలో మైకు కనబడుతోంది. నేను ఐదు వందలు, ఒకటోసారి అన్నాను. రెండోసారి అన్నాను. మూడోసారి అనకుండా కోడి వైపు చూశాను.

ఇంతలో బయట వాళ్ల వ్యాను హారను కొట్టింది. దొరసాని ముందుకు వచ్చి పాస్టరుగారితో ఏదో చెప్పింది. ఆయన దాన్ని మాకు తెలుగు చేశారు. ఇంత చక్కని పద్ధతిని ఇప్పుడే ముగించవద్దట. వాళ్ల సంఘం వాళ్లు ఇప్పుడు కంప్యూటరు మీదే కానుకలు ఇస్తున్నారట. ఈ కోడిని అందులో పెడితే అక్కడివాళ్లు కూడా పాల్గొంటారట. అప్పటిదాకా పాట తెరిచి ఉంచమంటోంది. మా సంఘంలో పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి గాని వేలం వాయిదా పడడం ఎప్పుడూ లేదు. పాస్టరుగారు పాట వాయిదా అని ప్రకటించి ప్రార్థన చేసేశారు. ప్రార్థన అయ్యాక ఎవరూ ఎదురు చెప్పలేరు, అది ఆయనకు తెలుసు. దొరసాని వెళ్తూ వెళ్తూ అవ్వకు ఫొటో తీసింది. అవ్వ ఆ ఫొటోలో కోడిని రెండు చేతులా గుండెకు అదుముకుని, కెమెరాను తినేసేలా చూస్తోంది.

మూడోసారి అనేదాకా కోడి సంఘానిది. కాబట్టి అవ్వ ఇంట్లో ఉండకూడదని పెద్దలు తీర్మానించారు. ఎవరి పక్షమూ కానివాడి ఇంట్లో ఉండాలి. అంటే పాట పెట్టేవాడి ఇంట్లో. నేను చంకలో కోడితో ఇంటికి పోయేసరికి మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. సంగతి అంతా విని, "ఇంటి మనిషి వారానికి ఒక దినం ఉంటాడు, సంఘం కోడి మాత్రం ఏడు దినాలూ ఉండాలంట" అని దాన్ని గంప కింద పెట్టింది.

మర్నాటి నుంచి అవ్వ పొద్దున్నే మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. కోడికి నూకలు వేస్తున్నారని, అది చిక్కిపోయిందని, గంప ఎండలో ఉందని, మా కోళ్లు దాన్ని పలకరించడం లేదని రకరకాల ఫిర్యాదులు. రెండో వారం నుంచి తన సజ్జలు తనే తెచ్చి వేసేది. ఆ సజ్జలు తిని కోడి గుడ్లు పెట్టసాగింది. ఆ గుడ్లు ఎవరివి? పెద్దలు కూర్చుని, కోడి సంఘానిది గనక గుడ్లూ సంఘానివే, ప్రతి ఆదివారం వేలం వెయ్యాలి అన్నారు. నేను వేలం వేశాను. అవ్వ పాడుకుంది. ఆమె పాడాక ఎవరూ పాడలేదు.

ఇంత వంకర లెక్క నేను మిల్లులో కూడా చూడలేదు. ఒకామె తన సజ్జలు పెట్టి, ఊళ్లోవాళ్ల ఇంట్లో, సంఘం కోడి చేత గుడ్డు పెట్టించి, ఆ గుడ్డును తనే కొనుక్కుంటోంది. ఇదివరకు గుడ్లమ్మి టీ తాగేది. ఇప్పుడు గుడ్లు కొనడం కోసం టీ మానేసింది. మా ఆవిడ చూడలేక రోజూ ఒక గ్లాసు టీ పోసి ఇచ్చేది. అవ్వ తాగి, చక్కెర తక్కువైందని చెప్పి పోయేది.

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతు నడిపే అతను ఆ ఏడాదే ఒక కంప్యూటరు తెచ్చి పెట్టాడు. దానికి పూల గుడ్డ కప్పి, గుడ్డ తీసే ముందు చేతులు తుడుచుకునేవాడు. పాస్టరుగారు దొరసానికి ఆ బూతు ఈ-మెయిలు ఇచ్చి పంపారు. ఉత్తరాలు చూసి శనివారం ఉదయగిరికి మోసుకుపోయే బాధ్యత నాది. నెట్టు కలవడానికి ముందు ఆ పెట్టె మేక గొంతుతో అరిచేది. కలిసేలోపు కరెంటు పోయేది. కరెంటు వచ్చేలోపు బూతు అతను నాకు ఆ పెట్టె గొప్పతనమంతా చెప్పేవాడు.

మొదటి ఉత్తరం అచ్చు తీసి ఇచ్చాడు. వాళ్ల సంఘం పేజీలో మా కోడి ఉందట. ఫొటో కూడా అచ్చు వేయమన్నాను. అచ్చు వేసే మిషను గీత గీతకూ కీచుమంటూ చాలాసేపు వేసింది. బయటికి వచ్చింది చూస్తే ముక్కు ఉన్న మబ్బులా ఉంది. ఆ ముక్కు కోడిదో అవ్వదో తేలలేదు. కింద పాటల వరస: ఒకాయన ఇరవై డాలర్లు, ఒకామె ముప్పై, ఒక ఆదివారపు బడి అంతా కలిసి నలభై, దొరసాని యాభై.

ఆదివారం నేను వాటిని రూపాయల్లోకి మార్చి గుడిలో చదివాను. జనం నోళ్లు తెరుచుకున్నాయి. మనకు ఆదివారం పొద్దున అయితే వాళ్లకు ఇంకా శనివారం రాత్రి అని, అందుకే ఉత్తరంలో తేదీ వెనకబడి ఉందని వివరించాను. మంచం కానుక ఇచ్చే ఆయన లేచి, అయితే వాళ్లు నిన్న పాడిన పాటను మనం ఈరోజు వింటున్నామా, రేపటి పాటను ముందే వినే ఏర్పాటు ఏమైనా ఉందా అని అడిగాడు. లేదన్నాను. ఆయన నిరాశగా కూర్చున్నాడు.

వారం వారం పాట పెరిగింది. ఒక గేదె ధర దాటింది. పాస్టరుగారు మైకుతో పాటు చెట్టు మీద కట్టే గొట్టం స్పీకరు కూడా అనసాగారు. అవ్వ మాత్రం నేను చదివే ప్రతి అంకెకూ కొంచెం కుంగేది. ఆమె చెంగులో ఉన్నది నూటపదే.

మూడో ఉత్తరంలో నాకు ఒక తిరకాసు కనబడింది. ఇంతవరకు పాడిన మొత్తం తమ సంఘం ఖాతాకు చేరిందని, డ్రాఫ్టుగా పంపుతున్నామని రాశారు. మొత్తం అంటే అందరిదీ. మా పద్ధతిలో చివర పాడినవాడే కడతాడు, ఓడినవాడు చేతులూపుకుంటూ ఇంటికి పోతాడు. అక్కడ పాడిన ప్రతివాడూ పాడిన వెంటనే కార్డు మీద కట్టేశాడు. ఇరవై పాడి ఓడినాయన కూడా ఇరవై కట్టాడు. ఓడినందుకు డబ్బు కట్టించుకునే వేలం నేను ఎక్కడా వినలేదు. తిరిగి ఇచ్చేయాలని నేను పట్టుబట్టాను. పాస్టరుగారు ముందు వాళ్ల ఉద్దేశమేమిటో కనుక్కుందామని, ఈలోగా గొట్టం స్పీకరు ధర విచారించడంలో తప్పు లేదని అన్నారు.

ఇదంతా మా అరుగు మీద విన్న అవ్వ, కోడికి సజ్జలు వేస్తూనే అడిగింది. "ఆ కంప్యూటర్లో ఎవురైనా పాడొచ్చునా?"

పాడొచ్చు అన్నాను.

"అయితే సోమవారం నేనూ వస్తా."

సోమవారం మొదటి బస్సుకు నాతో ఆత్మకూరు వచ్చింది. దారి పొడుగునా కిటికీలోంచి బయటికి చూడలేదు, డ్రైవరునే చూసింది, సరైన దారిలో పోతున్నాడో లేదోనని. బూతులో చెప్పులు బయట విడిచి, కుర్చీ వద్దని, కంప్యూటరు ఎదుట నిలబడి, అమెరికా ఎంత దూరమో అంత గట్టిగా మొదలుపెట్టింది.

"అవ్వా, దానికి ఇనపడదు," అన్నాడు బూతు అతను. "నాకు చెప్పు. నేను పంపిస్తా."

"నీకు చెబితే ఆయమ్మకి నా కోపం ఎట్ట తెలస్తాది?"

"తెలిసేటట్టే రాస్తాడులే అన్న," అని నన్ను చూపించాడు.

అప్పుడు అవ్వ నా వైపు తిరిగి, ఒక్కో మాటకూ ఆగుతూ చెప్పింది. "అమ్మా, ఆ కోడి నాది. దేవుడికి ఇచ్చినాను, నిజమే. మళ్లా పాడుకుందామనే ఇచ్చినాను. మా కాడ అట్నే చేస్తారు. నువ్వు అడ్డం పాడినావు. తెలీక పాడినావు, నీ తప్పు లేదు. అది లేకుండా నాకు ఇంట్లో పొద్దుపోవడం లేదు. ఇప్పుడు తెలిసింది గదా, ఇంక గమ్మున ఉండు."

నా ఇంగ్లీషంతా మిల్లు ఉత్తరాల్లో నేర్చుకున్నదే. 'గమ్మున ఉండు' అనేదానికి నాకు తెలిసిన మర్యాదైన మాట, ఇకపై మీ సరుకు మాకు అక్కరలేదు అనేది. అదే రాయించాను. కింద, ఓడినవారి సొమ్ము వాపసు విషయం తెలుపగలరు అని కూడా చేర్చాను. 'ఇట్లు తమ విధేయుడు' అని అవ్వ తరఫున రాయబోతే ఆమె ఒప్పుకోలేదు. ఆ మాటకు అర్థం అడిగి, తీసెయ్యమంది.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. పొడవైన జవాబు, మొదట్లో చివర్లో ఇంగ్లీషు అక్షరాల్లో వందనాలు. దొరసాని చాలా సిగ్గుపడింది. మా మర్యాద ఆమెకు తెలియదట. కాని కోడి తమకు కావాలని అక్కడ ఎవరూ అనుకోలేదట. ఫొటోలో అవ్వ కోడిని అలా అదుముకుని ఉండటం చూసి, ఈ అవ్వ తన కోడిని తనే ఉంచుకునేలా సాయం చేయండి అని పేజీ మీద రాశారట. అందరూ డబ్బు కట్టింది కోడి అవ్వ దగ్గరే ఉండాలని. ఇన్నాళ్లూ అది అవ్వ మంచం పక్కనే ఉందని వాళ్ల నమ్మకం. ఆదివారపు బడి పిల్లలు దానికి ఒక పేరు కూడా పెట్టుకున్నారట. వాపసు మాట ఎత్తవద్దని, ఆ డబ్బుతో మీ మైకు కొనుక్కోండని ముగించింది.

నేను సంబరంగా అవ్వ ఇంటికి పోయి చదివి వినిపించాను. కోడి నీదే అవ్వా, ఈ పూటే తెచ్చుకో అన్నాను. ఆమె ముఖం సజ్జరొట్టె మాడినట్టు మాడింది.

"నా కోడిని నాకు ఇప్పించేదానికి ఆ ఊళ్లో చందాలేసుకున్నారా?" అంది. "నేను అడిగినానా? నేను దేవుడికి ఇచ్చేదాన్నే గాని, నాకు ఇంకోడు ఇచ్చేదేంది? పో, నాకొద్దు. నీ ఇంట్లోనే పెట్టుకో."

పాస్టరుగారు వచ్చి నచ్చజెప్పారు. పాస్టరమ్మగారు వచ్చారు. మా ఆవిడ కూడా వచ్చింది, అందరికంటే ఎక్కువ బతిమాలింది, కారణం నాకు తెలుసు. అవ్వ కదల్లేదు. కోడిని అమెరికా వద్దంటోంది, అవ్వ వద్దంటోంది, మా ఆవిడ మొదటి నుంచీ వద్దంటోంది. పాట మాత్రం రెండోసారి దగ్గరే ఆగి ఉంది. అవ్వ అయినా రోజూ వచ్చేది. కోడి వైపు చూడకుండా గోడ వైపు తిరిగి సజ్జలు చల్లి, టీ తాగి వెళ్లిపోయేది. కోడి ఆమె కాళ్ల చుట్టూ తిరిగేది. ఆమె గోడతోనే మాట్లాడేది.

అలా కొన్నాళ్లు గడిచాక ఒక ఆదివారం పొద్దున గోడను వదిలి నన్ను అడిగింది. "ఆయమ్మ వాళ్ల గుడికి ఏమిచ్చుద్ది?"

నాకు తెలియదన్నాను. కనుక్కోమంది. కనుక్కున్నాను. వాళ్ల సంఘంలోనూ ఒక అమ్మకం ఉంటుందట. ఇళ్లలో చేసిన తీపి వంటకాలు తెచ్చి గుడి హాల్లో పాడతారట. దొరసాని ఏటా ఆపిల్ పళ్లు లోపల కూరి కాల్చిన ఒక రొట్టె ఇస్తుందట. అందరికంటే ఎక్కువ ధర దానికేనట.

"ఆ రొట్టె నేను పాడతా," అంది అవ్వ. "నూటపది. కంప్యూటర్లో పెట్టు. నేను పాడినాక ఆయమ్మ ఒక్కటే పాడాల. దాని రొట్టె అది పాడుకోవాల. ఇంకెవురూ నోరు తెరవగూడదు. అట్నే రాయి."

బూతు అతను రాసి పంపాడు. పంపాక అతనికి అనుమానం వచ్చింది. "అన్నా, ఆయమ్మ పాడకపోతే? అవ్వ కార్డుతో కట్టాల గదా. అవ్వకు రేషన్ కార్డు తప్ప ఇంకేముండాది?" ఆ శనివారం నేను అదే మాట అవ్వతో అన్నాను. ఆమె నన్ను జాలిగా చూసి, ఎవరి రొట్టెను వాళ్లు వదులుకుంటారా అని అడిగింది.

అక్కడ జరిగింది దొరసాని రాసింది. రొట్టె పాట వచ్చినప్పుడు ఉదయగిరి నుంచి నూటపది రూపాయలు అని చదివారట. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టిందట. దొరసాని దాని మీద పాడి తన రొట్టె తాను తీసుకుందట. ఇంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత మా మర్యాదను చదివి అందరికీ వివరించారట. దాంతో ఆ సాయంత్రం మిగతా వంటకాల మీద ఎవరూ పైకి పాడే సాహసం చేయలేదట. ఎవరి కేకు వాళ్లు, ఎవరి బిస్కెట్లు వాళ్లు కొద్ది డబ్బుకే పాడుకుని ఇళ్లకు మోసుకుపోయారట. ఆ అమ్మకంలో అంత తక్కువ వసూలు ఎప్పుడూ కాలేదని, అయితే అందరికీ చాలా ఆశీర్వాదకరంగా ఉందని రాసింది. ఆ ఆశీర్వాదం విలువ ఎంతో నేను లెక్క కట్టే ప్రయత్నం చేయలేదు.

అవ్వ అంతా విని వక్కాకు నములుతూ, "ఇప్పుడు సరిపాయె," అంది. "ఆయమ్మ నా దానికి పాడింది, నేను ఆయమ్మ దానికి పాడినా. ఇంక ఎవురికెవురూ బాకీ లేదు. ఆదివారం మూడోసారి చెప్పు."

ఆ ఆదివారానికి కొత్త మైకు వచ్చింది. గుడి ముందు వేపచెట్టుకు గొట్టం స్పీకరు కట్టారు. పాస్టరుగారు మైకులో ఊదిన ఊదుకు పక్క వీధిలో గేదె పలుపు తెంపుకుంది. ఆయన ప్రసంగం మొదటిసారి పూర్తిగా వినబడింది. ఎంత పొడుగుందో కూడా అప్పుడే తెలిసింది. ఆరాధన అయ్యాక నేను కోడిని ఎత్తి పట్టుకుని మైకు ముందు నిలబడ్డాను. పాట మొదటి నుంచి పెట్టాలని పెద్దలు ముందే ఒప్పుకున్నారు. అవ్వ నూటపది అంది. నూటపది, ఒకటోసారి అన్నాను. ఆ మాట కొండ మీది పాత కోట గోడకు తగిలి తిరిగి వచ్చింది. నూటపది, రెండోసారి.

"నూటయాభై," అన్నారు గుమ్మంలోంచి.

జనం తిరిగి చూశారు. భుజాన కంబళితో ఒక గొర్రెల వ్యాపారి. వరికుంటపాడు బస్సు కోసం రోడ్డు మీద నిలబడి, స్పీకరులో కోడి పాట విని లోపలికి వచ్చాడు. మా సంఘం మనిషి కాదు, మా మర్యాద అతనికి తెలిసే దారి లేదు. పాట పాటే. నేను మైకు ముందు నిలబడి ఉన్నాను, నా ఊపిరి కూడా ఊరంతా వింటోంది. నూటయాభై అనక తప్పదు. నోరు తెరిచాను.

అవ్వ లేచి నిలబడింది. నా వైపు కాదు, గుమ్మం వైపు.

"ఏరా, ఎవురి కొడుకువి నువ్వు?"

అతను చెప్పాడు. ఊరు చెప్పాడు, తండ్రిని చెప్పాడు, తాతను చెప్పాడు.

"మీ అవ్వా నేనూ దుత్తలూరు చేలల్లో కలుపు తీసినోళ్లం. నీ నాయన చంటోడప్పుడు నా ఒళ్లోనే పడుకున్నాడు, నా కోకంతా తడిపినాడు. ఇప్పుడు నువ్వొచ్చి నా కోడి మీద పాడతావా?"

అవన్నీ స్పీకరులో పడ్డాయి. వరికుంటపాడు బస్సు కోసం నిలబడ్డ జనమంతా కిటికీల్లోంచి లోపలికి చూస్తున్నారు. గొర్రెల వ్యాపారి కంబళి సర్దుకున్నాడు.

"నేను పాడలేదవ్వా," అన్నాడు. "తుమ్మినాను."

నేను నూటపది, మూడోసారి అన్నాను. ఆ రోజు ఉదయగిరిలో ఆ మాట వినని ప్రాణి లేదు. అవ్వ చెంగు విప్పి నూటపది నా చేతిలో పెట్టి, కోడిని చంకన పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా ఇంటికి పోయింది.

ఇక్కడితో అయిపోవాలి. కాని ఆ సాయంత్రం మేము దీపాలు పెట్టే వేళకు కోడి తనంతట తానే వీధిలోంచి నడుచుకుంటూ వచ్చి మా గంప కింద దూరింది. ఇన్నాళ్లు పడుకున్న చోటు దానికి అలవాటైపోయింది. కాసేపటికి వెనకాలే అవ్వ వచ్చింది. గంప ఎత్తి, కోడిని తిట్టి, చంకన పెట్టుకుని పోయింది. మర్నాడు సాయంత్రం మళ్లీ వచ్చింది, మొదట కోడి, తర్వాత అవ్వ. ఆ మర్నాడూ అంతే. కాలికి దారం కట్టి చూసింది, గుమ్మానికి తడిక అడ్డం పెట్టి చూసింది. కోడి తడిక మీదుగా ఎగిరి వచ్చింది.

శనివారం వచ్చినప్పుడు నేను ఆమెకు ఒక లెక్క చెప్పాను. రోజూ ఆ చివరి నుంచి ఈ చివరికి రావడం, పోవడం, ఈ వయసులో మోకాళ్ల నొప్పి. దానికంటే కోడిని రాత్రిపూట మా గంప కిందే ఉంచి, పొద్దున్నే వచ్చి గుడ్డు తీసుకుపోతే సరిపోతుంది. గుడ్డు ఆమెదే, ఇందులో ఎవరూ పాడేది లేదు. అవ్వ శ్రద్ధగా విని, మా ఆవిడ ఇచ్చిన టీ పూర్తిగా తాగి, గ్లాసు బోర్లించింది.

"నీ లెక్క బాగానే ఉండాది," అంది. "కానీ రాత్తిరి పూట నేనెవురితో మాట్లాడాల?"

గంప ఎత్తింది. కోడి బయటికి రానని మూలకు నక్కింది. అవ్వ వంగి దాన్ని బతిమాలుతుంటే, మా ఆవిడ లోపలి నుంచి లాంతరు తెచ్చి పట్టుకుని నిలబడింది.